ఇంటర్ సెలవుల్లో రాత్రి వంట నా మీద పడింది, తేలిగ్గా అయ్యేవి చెప్పండి

బోడుప్పల్_బుజ్జి | సోమవారం, సాయంత్రం 4:10

అందరికీ నమస్తే. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయాయి, ఇప్పుడు సెలవులు. అమ్మ బట్టల షాపులో చేస్తుంది, ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. నాన్నది డ్రైవింగ్, ఒక్కో రోజు ఒక్కో టైమ్. ఇన్నాళ్ళూ నానమ్మ వండేది. ఆమె మా బాబాయి వాళ్ళింటికి సిద్దిపేట వెళ్ళింది, జూన్ దాకా రాదు. దాంతో రాత్రి వంట నా డ్యూటీ అయింది. తమ్ముడు ఏడో తరగతి. వాడికి మూడు పూటలా నూడుల్స్ పెట్టినా కిక్కురుమనడు.

నాకు వచ్చినవి: ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం, టీ, ఆమ్లెట్. ఇంట్లో ఉన్నవి: రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, ఐదు లీటర్ల ప్రెజర్ కుక్కర్ (లోపల పెట్టే గిన్నెలతో సహా), మిక్సీ, ఫ్రిజ్. యూట్యూబ్‌లో చూస్తే ఒక్కో కూరకి ఇరవై రకాల సామాన్లు చెప్తున్నారు. కర్రీ పాయింట్‌లో రోజూ తెస్తే అమ్మ ఊరుకోదు, పైగా నూనె తేలుతూ ఉంటుంది. గంటలోపు అయిపోవాలి, ఒంటికి మంచిది అయ్యుండాలి.

ఇంకో డౌట్. మా క్లాస్‌మేట్ అన్నం మానేస్తేనే హెల్దీ అంటోంది. నిజమేనా?

రూమ్_నంబర్_12 | సోమవారం, సాయంత్రం 4:22

అన్నం, టీ, ఆమ్లెట్ మూడూ వచ్చా? అమీర్‌పేట హాస్టళ్ళలో సగం మంది కంటే నువ్వే నయం చెల్లీ.

సరూర్‌నగర్_పెద్దమ్మ | సోమవారం, సాయంత్రం 5:05

బిడ్డా, యూట్యూబ్ బంద్ చెయ్యి. ముందుగాల పప్పు నేర్చుకో. పప్పు ఒక్కటి చేతికొస్తే ఎండాకాలమంత ఎల్లదీయొచ్చు. ఒకరోజు పాలకూర, ఒకరోజు టమాట, ఒకరోజు దోసకాయ. పప్పు అదే, లోపల ఏసేది మారుతది, గంతే.

కందిపప్పు ఒక చిన్న గ్లాసు తీస్కో. రెండు మూడు సార్లు కడిగి అర్ధగంట నానబెట్టు. ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు మూడు గ్లాసులు పొయ్యి. చిటికెడు పసుపు, అర చెంచ నూనె. నూనె ఎందుకంటవేమో, పప్పు నురుగొచ్చి పైకి పొంగుతది, ఆ నురుగు విజిల్‌ల ఇరుక్కోవద్దని. సన్నగ తరిగిన పాలకూర, రెండు పచ్చిమిరపకాయలు గూడ అండ్లనే ఏసెయ్యి. నాలుగైదు విజిల్లు రానిచ్చి దించు. ఆవిరి దానంతటదే పోయినంక మూత తీసి పప్పుగుత్తితోని మెదుపు. ఉప్పు అప్పుడెయ్యి. మీద పోపు.

పాలకూర కడిగేటప్పుడు జల్లిగిన్నెల ఏసి నల్ల కింద పట్టకు. పెద్ద గిన్నె నిండ నీళ్ళు పోసి, ఆకు ముంచి, చేత్తోని కలిపి రెండు నిమిషాలు వదిలెయ్యి. మట్టి అడుక్కు పోతది. అప్పుడు ఆకును పైకి తియ్యాలె, గిన్నెను వంపొద్దు. వంపితే అడుగున ఉన్న మట్టంత మళ్ళ ఆకు మీదికే. రెండోసారి నీళ్ళు తేటగ కనవడితే అయిపోయినట్టు.

గుంటూరుఘాటు | సోమవారం, సాయంత్రం 5:40

పెద్దమ్మ గారి పప్పుకే నా ఓటు. కాకపోతే ఇది మామిడికాయల కాలం బుజ్జమ్మా, ఇప్పుడు మామిడికాయ పప్పు వండకపోతే ఇంకెప్పుడు? పుల్లటి కాయ ఒకటి చెక్కు తీసి ముక్కలు కొయ్యి. పప్పులో కలపకుండా వేరే చిన్న గిన్నెలో వేసి, కుక్కర్‌లో పప్పు గిన్నె మీద పెట్టు. రెండూ ఉడికాక కలుపుకో. ముందే కలిపేస్తే పులుపు తగిలి పప్పు మెత్తబడదు, బద్దలు బద్దలుగా మిగిలిపోతుంది. చింతపండు, గోంగూర, చుక్కకూర అన్నిటికీ ఇదే. టమాటా ఒకటో రెండో అయితే పప్పుతోపాటు వేసినా ఏం కాదు.

కారం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పచ్చిమిర్చి ఐదారు చీరి పడెయ్యి.

సరూర్‌నగర్_పెద్దమ్మ | సోమవారం, సాయంత్రం 5:48

ఏడో తరగతి పోరడు తినాలె నాయనా! ఐదారు మిరపకాయలు మీ గుంటూరుల ఏస్కోండ్రి.

ఫిట్_మణికొండ | సోమవారం, సాయంత్రం 6:15

పప్పన్నం పాతకాలం మాట. నేనైతే రాత్రికి ఓట్స్, సలాడ్, ప్రోటీన్ షేక్. పది నిమిషాల పని. అన్నం విషయంలో మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే.

పోషకం | సోమవారం, రాత్రి 7:30

నేను చాలా ఏళ్ళు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేశాను. మణికొండ గారూ, మీ జిమ్ లెక్కలు మీకు బాగానే ఉండొచ్చు గానీ ఎదిగే వయసు పిల్లలకి అన్నం మానెయ్యమని చెప్పకండి, దయచేసి. ఏడో తరగతి పిల్లాడికి ప్రోటీన్ షేక్ అసలు అక్కర్లేదు.

బుజ్జీ, అన్నం చెడ్డది కాదు. మన కంచాల్లో అన్నం కొండంత, కూర పిడికెడంత ఉంటోంది. చిక్కు అక్కడుంది. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి 2,000 కిలోకాలరీలు అవసరమయ్యే మనిషికి ఏది ఎంతో అందులో ఉంది: బియ్యం, గోధుమ, జొన్నలాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యం, పప్పు తూకాలు వండకముందువి.

ఈ లెక్కన కూరగాయలు ధాన్యం కంటే ఎక్కువ ఉండాలి. మనలో ఎంతమంది ఇంట్లో అలా ఉంది? పెద్దమ్మ గారి చిన్న గ్లాసు పప్పు సుమారు 125 గ్రాములు తూగుతుంది. నలుగురికి పంచితే తలా 30 గ్రాములు. ఒక పూటకి పర్వాలేదు, కానీ పొద్దున, మధ్యాహ్నం పప్పు తినని రోజున ఇంకో అర గ్లాసు కలుపు, లేదా తలా ఒక గుడ్డు ఉడికించు. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది.

వడ్డించేటప్పుడు ముందు కూర, పప్పు పెట్టు. మిగిలిన చోట అన్నం పెట్టు. తూకాలు, కొలతలు నువ్వు పెట్టుకోవద్దు.

ఇంకొకటి. పాలకూర పప్పు తిన్నాక నిమ్మకాయో, జామకాయో, మామిడిముక్కో ఏదైనా సి విటమిన్ ఉన్నది తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం భోజనానికి ముందూ వెనకా గంట దూరంగా పెట్టు. టీ ఆ ఇనుముని పట్టనివ్వదు. ఆడపిల్లవి, నీకు ఇది ముఖ్యం.

గుంటూరుఘాటు | సోమవారం, రాత్రి 7:52

అన్నం మాట వచ్చింది కాబట్టి, బీపీటీ కొనమనండి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204. ఇప్పటికీ దాన్ని కొట్టింది లేదు.

సరూర్‌నగర్_పెద్దమ్మ | సోమవారం, రాత్రి 8:01

మా రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ తీసిన తెలంగాణ సోనా తినలేదా ఎప్పుడన్న? ఆర్‌ఎన్‌ఆర్ 15048. షుగర్ ఉన్నోళ్ళు గూడ అదే అడిగి తీస్కపోతున్నరు.

గుంటూరుఘాటు | సోమవారం, రాత్రి 8:06

తిన్నానండీ. బాగుంటుంది. కానీ పులిహోరకి బీపీటీయే.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 8:20

బియ్యం తగవు ఇక్కడితో ఆపండి, దానికి వేరే చర్చ తెరుచుకోండి. పాపం ఆ అమ్మాయి ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు.

బోడుప్పల్_బుజ్జి | మంగళవారం, రాత్రి 8:45

అందరికీ థాంక్స్. ఈరోజు పాలకూర పప్పు పెట్టాను. పెద్దమ్మ చెప్పినట్టే నానబెట్టాను. ఐదు విజిల్స్ తర్వాత తీస్తే పాలకూర మెత్తగా అయింది గానీ పప్పు గింజ గింజలా ఉంది. మళ్ళీ పెట్టి ఇంకో నాలుగు రానిచ్చాను. కాస్త నయం, కానీ గుత్తికి అందట్లేదు. పులుపేం వెయ్యలేదు. అమ్మ వచ్చే టైమయింది.

ప్రెజర్_కుక్కర్ | మంగళవారం, రాత్రి 8:51

మూడు సంగతులు చెప్పు. ఏ నీళ్ళు పోశావు? పప్పు ఎప్పటిది? మూత అంచు నుంచి ఆవిరి కారుతోందా?

బోడుప్పల్_బుజ్జి | మంగళవారం, రాత్రి 8:54

బోరు నీళ్ళు అన్నా. వంటగది నల్లాలో అవే వస్తాయి. తాగడానికి వేరే క్యాన్ ఉంది. పప్పు పోయిన వారం కొన్నదే. ఆవిరి మామూలుగానే వచ్చింది.

ప్రెజర్_కుక్కర్ | మంగళవారం, రాత్రి 9:10

దొరికింది. తప్పు నీది కాదు, బోరుది. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీ బకెట్ అంచున తెల్లగా పట్టే పొర అదే. పప్పు గింజ లోపల కణాలన్నిటినీ అతికి పట్టుకుని ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. ఉడికేటప్పుడు అది కరిగితేనే గింజ విచ్చుతుంది. కాల్షియం వచ్చి ఆ పెక్టిన్‌ని పట్టుకుంటే ఇంకా గట్టిపడుతుంది, ఎన్ని విజిల్స్ వేసినా లొంగదు. రేపటి నుంచి పప్పు నానబెట్టడానికి, ఉడికించడానికి తాగే నీళ్ళు వాడు. కడగడం వరకు బోరు నీళ్ళు చాలు.

కొందరు ఇలాంటప్పుడు చిటికెడు వంటసోడా వెయ్యమంటారు. పప్పు మెత్తబడుతుంది, నిజమే. కానీ సోడా తగిలితే పప్పులో ఉన్న బి1 విటమిన్ పోతుంది. నీళ్ళు మారిస్తే సరిపోయేదానికి అది ఎందుకు?

ఈ రాత్రికి ఆ పప్పుని చల్లారాక మిక్సీలో ఒక్క తిప్పు తిప్పు, ఎవరికీ తెలీదు.

ఎలాగూ నా పేరు మీదే సంగతి వచ్చింది గనుక కుక్కర్ గురించి కొంచెం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే అంత త్వరగా ఉడుకుతుంది, అందుకే దాంతో పరాచికాలు పనికిరావు. మూత పెట్టే ముందు ప్రతిసారీ విజిల్ తీసి, మూతని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆ గొట్టంలోంచి చూడు. అవతలి వెలుగు చుక్కలా కనిపించాలి. కనిపించకపోతే మెతుకో పప్పుతొక్కో అడ్డం పడ్డట్టు. పిన్నీసుతో పొడిచి కడుగు. కుక్కర్‌లో నేరుగా పప్పు పోస్తే సగానికి మించొద్దు, మిగతావి మూడింట రెండు వంతులకి మించొద్దు. విజిల్‌ని గరిటెతో ఎత్తి ఆవిరి తీసే అలవాటు అసలు చేసుకోకు.

రూమ్_నంబర్_12 | మంగళవారం, రాత్రి 9:18

మా హాస్టల్‌లో పప్పు ఎప్పుడూ కంచంలో టకటకమనేది ఎందుకో ఇవాళ తెలిసింది. వంటాయన్ని అనవసరంగా తిట్టుకున్నాం.

బోడుప్పల్_బుజ్జి | బుధవారం, మధ్యాహ్నం 12:30

తాగే నీళ్ళతో పప్పు వెన్నలా ఉడికింది!! నాలుగే విజిల్స్.

ఇప్పుడు తాలింపు డౌట్. ఆవాలు వేస్తే ఒకసారి చప్పుడే రాదు, ఒకసారి అన్నీ నల్లగా మాడిపోతాయి. కరివేపాకు వెయ్యాలంటే భయం, నూనె ముఖం మీదికి వస్తుంది. నిన్న తమ్ముడు తలుపు వెనకాల నిలబడి చూశాడు.

సరూర్‌నగర్_పెద్దమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:15

అన్ని ముందుగాల పళ్ళెంల పెట్టుకో. నూనె కాగినంక డబ్బాలు ఎతుక్కుంట కూసుంటే మాడక ఏమైతది? రెండు చెంచల నూనె, సన్న మంట. ఒక్క ఆవగింజ ఏసి చూడు. కిందికి పోయి ఊకుంటే నూనె కాగలే. వెంటనే చుట్టూ బుడగలొచ్చి పైకి తేలి చిటపటమంటే అప్పుడు మిగతయి ఎయ్యి. చప్పుడు జోరుగ మొదలై, మల్ల తగ్గుకుంట వస్తది. ఆ తగ్గేటప్పుడే జీలకర్ర, దంచిన ఎల్లిపాయ, ఎండుమిరపకాయ. జీలకర్ర నిమిషం గూడ ఆగదు, జర్రసేపట్లనే ఎర్రగైతది. ఎల్లిపాయ అంచులు రంగు మారంగనే పొయ్యి బంద్ చెయ్యి. కరివేపాకు పొయ్యి బంద్ చేసినంకనే ఎయ్యి, నూనెకున్న ఏడి దానికి చాలు.

చిటపటలు ఎగిరేది నీళ్ళకు. కరివేపాకు కడిగి పొడిబట్టల ఒత్తితే ఎగరదు. ఒక చేత్తోని ఆకు, ఇంకో చేత్తోని మూత. ఏసుడు, మూసుడు.

పోషకం | బుధవారం, మధ్యాహ్నం 1:50

పెద్దమ్మ గారు ఇంత చక్కగా చెప్పాక నేను చేర్చేది జాగ్రత్తలే. అమ్మానాన్న ఇంట్లో లేనప్పుడు వండుతున్నావు కాబట్టి ఇవి తమ్ముడికి కూడా చెప్పి ఉంచు.

నూనెకి మంట అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. పొయ్యి ఆపి, మూత పెట్టేసి, కదపకుండా వదిలెయ్యాలి. చెయ్యి కాలితే నల్లా నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పట్టాలి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టరుకి చూపించాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ఏదీ ముట్టుకోకూడదు, ఫ్యాన్ కూడా వెయ్యకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి. అది గ్యాస్ లీకులకి దేశమంతా పనిచేసే నంబరు. చున్నీ నడుముకి బిగించి కట్టుకునే పొయ్యి దగ్గరికి వెళ్ళు.

ఉప్పు గురించి: రోజంతటికీ ఒక మనిషికి 5 గ్రాములు దాటొద్దంటారు. సుమారు తలగొట్టిన టీ చెంచాడు. ఆవకాయ, అప్పడం, మిక్చర్ అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి ఆవకాయ వేసుకునే రోజు పప్పులో ఉప్పు తగ్గించు.

బోడుప్పల్_బుజ్జి | బుధవారం, రాత్రి 9:40

తాలింపు కుదిరింది. అమ్మ రెండోసారి వేసుకుంది. కానీ తమ్ముడు పప్పు పక్కకి తోసి నూడుల్స్ పెట్టమని ఒకటే గోల. ఏం చెయ్యాలి?

రూమ్_నంబర్_12 | బుధవారం, రాత్రి 9:55

ఇది నా సబ్జెక్టు. మాకు నూడుల్స్ జాతీయాహారం. వాడితో యుద్ధం పెట్టుకోకు, వాడి వంటకంలోకి నీ సామాను దూర్చు. నూడుల్స్ నీళ్ళలో ముందే క్యారెట్ తురుము, బఠానీ, క్యాప్సికం వేసి ఉడికించు. మసాలా ప్యాకెట్ సగమే, ఉప్పు చాలావరకు దాంట్లోనే ఉంది. పైన ఒక గుడ్డు కొట్టి పోసి కలుపు. నాలుగు రోజులయ్యాక నూడుల్స్ బదులు సేమ్యా. అవే కూరగాయలు, అదే గుడ్డు. తేడా కనిపెట్టేసరికి వాడి ప్లేటు ఖాళీ అయిపోతుంది.

ఇంకోటి కోడిగుడ్డు పొరుటు. ఇక్కడ బండి మీద అండా బుర్జీ అంటారు. రెండు ఉల్లిపాయలు, మూడు టమాటాలు బాగా మగ్గనిచ్చి, నీరు ఇగిరాక నాలుగు గుడ్లు కొట్టు. వెంటనే కలపకు. అంచులు తెల్లబడే దాకా ఆగి అప్పుడు పెద్ద ముక్కలుగా తిప్పు. వెంటనే కలిపితే రవ్వలా అయిపోతుంది. చపాతీ చెయ్యడం రాకపోతే బ్రెడ్డుతో, లేకపోతే అన్నంలోకి. పదిహేను నిమిషాలు.

ఫిట్_మణికొండ | బుధవారం, రాత్రి 10:05

గుడ్డు విషయంలో మాత్రం మనం ఒకే పార్టీ. పచ్చసొన పారెయ్యకండి, పిల్లలకి మంచిది.

పోషకం | బుధవారం, రాత్రి 10:12

ఈ మాట మీ నోట రావడం సంతోషం.

బోడుప్పల్_బుజ్జి | గురువారం, ఉదయం 11:00

సేమ్యా దాకా ఆగక్కర్లేకపోయింది, పొరుటు వాడికి నచ్చింది. టమాటా ముక్కలు ఏరి పక్కన పెట్టాడనుకోండి.

ఈరోజు కరెంటు మెయింటెనెన్స్ అట, సాయంత్రం ఉండదు. ఎలక్ట్రిక్ కుక్కర్ పనిచెయ్యదు. గ్యాస్ మీద ఒకే గిన్నెలో అయిపోయేది ఏదైనా చెప్పండి. ఎండకి వంటగదిలో నిలబడలేకపోతున్నాను కూడా.

సరూర్‌నగర్_పెద్దమ్మ | గురువారం, ఉదయం 11:35

కిచిడి, పచ్చిపులుసు. ఎండాకాలానికి ఇంతకంటే ఏం గావాలె?

బియ్యం ఒక గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు. పెసరపప్పు నానబెట్టక్కర్లే. కుక్కర్‌ల చెంచ నెయ్యో నూనెనో ఏసి జీలకర్ర, నాలుగు మిరియాలు, అల్లం ముక్క, ఉల్లిగడ్డ ఏయించు. క్యారెట్, బీన్స్, ఆలుగడ్డ, ఏది ఉంటే అది. బియ్యం, పప్పు కడిగి ఏసి, పసుపు, ఉప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు. తాగే నీళ్ళే పొయ్యి మల్ల. మూడు విజిల్లు. మెత్తగ జారుగ ఉండాలె, సల్లారినంక ఎట్లన్న గట్టిపడతది.

పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లే, పోపు తప్ప. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి రసం తియ్యి. పల్చగ, తాగేటట్టు ఉండాలె. ఉల్లిగడ్డ సన్నగ తరిగి ఉప్పేసి చేత్తోని గట్టిగ పిసుకు, దాని రసం దిగాలె. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి నలిపి ఎయ్యి. కొత్తిమీర. ఏయించిన నువ్వుల పొడి రెండు చెంచలు ఉంటే అసలు మజా. చిటికెడు చక్కెరనో బెల్లమో. మీద పోపు. కిచిడి ఏడిగ, పులుసు సల్లగ.

ప్రెజర్_కుక్కర్ | గురువారం, మధ్యాహ్నం 12:10

పాతబస్తీ హోటళ్ళలో పొద్దున్నే దొరికే ఖిచిడీ, ఖట్టా కూడా ఈ వరసదే. అక్కడ ఎర్ర మసూర్ పప్పు వేస్తారు, ఖట్టాలో చింతపండు, నువ్వులు. పక్కన ఖీమా. పెద్దమ్మ గారిది దానికి శాకాహారపు చెల్లెలనుకో.

గుంటూరుఘాటు | గురువారం, మధ్యాహ్నం 12:31

పచ్చిపులుసు విషయంలో తెలంగాణకి దండం పెట్టేశాను, ఎప్పుడో. అందులో నేను వాదించను.

బోడుప్పల్_బుజ్జి | శుక్రవారం, సాయంత్రం 5:20

నిన్న నలుగురం తిన్నాక కూడా చాలా మిగిలింది. కరెంటు రాత్రి పదింటికి వచ్చింది, అప్పటిదాకా కిచిడి బయటే ఉంది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాను. ఇప్పుడు వేడి చేసుకోవచ్చా? వాసన బాగానే ఉంది.

పోషకం | శుక్రవారం, సాయంత్రం 5:26

ఎప్పుడు వండావు?

బోడుప్పల్_బుజ్జి | శుక్రవారం, సాయంత్రం 5:28

ఆరింటికి.

పోషకం | శుక్రవారం, సాయంత్రం 5:37

నాలుగు గంటలు, ఈ ఎండల్లో. పారెయ్యి తల్లీ. బాధగా ఉంటుంది, తెలుసు.

బియ్యంలో ఒక రకం బాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో ఉన్నంతసేపూ అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, వాసనకీ తెలీదు. తిన్న కొన్ని గంటల్లో వాంతులు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, ఇలాంటి ఎండల్లో గంటలోపు వెళ్తే ఇంకా మంచిది. పెద్ద గిన్నెతో కాకుండా పల్చటి డబ్బాల్లో సర్దితే త్వరగా చల్లారుతుంది. తీశాక ఒక్కసారే, పొగలు వచ్చేదాకా వేడి చెయ్యి.

రూమ్_నంబర్_12 | శుక్రవారం, సాయంత్రం 5:50

మరి చద్దన్నం? మా అమ్మమ్మ రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పొద్దున పెట్టేది. ఎవరికీ ఏం కాలేదు.

పోషకం | శుక్రవారం, సాయంత్రం 6:05

మంచి ప్రశ్న. చద్దన్నంలో పెరుగో మజ్జిగో కలిపేసరికి పులుపు పెరుగుతుంది, ఆ పులుపులో ఈ బాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. ఉత్త అన్నం మూతపెట్టి వదిలెయ్యడం వేరు. చద్దన్నం చెయ్యాలనుకుంటే వండిన అన్నం చల్లారగానే పెరుగు కలపాలి, ఎప్పుడో పదింటికి గుర్తొచ్చినప్పుడు కాదు.

సరూర్‌నగర్_పెద్దమ్మ | శుక్రవారం, సాయంత్రం 6:30

చద్దన్నం కంటే అంబలి సులువు. రెండు చెంచల రాగిపిండి అర గ్లాసు సల్లటి నీళ్ళల్ల ఉండలు లేకుంట కలుపు. రెండు గ్లాసుల నీళ్ళు మసిలినంక అండ్ల పోసి, ఏడెనిమిది నిమిషాలు కలుపుకుంట ఉండు. పచ్చివాసన పోయి మెరుపొస్తది. సల్లారినంక మజ్జిగ, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు. మీ నాన్న డ్రైవింగ్‌కు పోయేటప్పుడు సీసాల పోసియ్యి, ఎండకు తట్టుకుంటడు. పిండి ఎన్నడూ ఉడుకు నీళ్ళల్ల నేరుగ ఎయ్యకు, ఉండలు కట్టి సచ్చినా ఇడవది.

పోషకం | శుక్రవారం, సాయంత్రం 6:41

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంది. పాలు తాగనని మొరాయించే తమ్ముళ్ళకి కూడా పనికొస్తుంది.

బోడుప్పల్_బుజ్జి | ఆదివారం, ఉదయం 10:15

నాన్నకి అంబలి ఇస్తున్నాను. రోజూ అడుగుతున్నాడు.

ఎవరైనా సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక టైమ్‌టేబుల్ రాసిస్తారా? గోడకి అంటిస్తాను. రోజూ ఏం వండాలా అని ఆలోచించడమే పెద్ద పని అయిపోతోంది.

గుంటూరుఘాటు | ఆదివారం, ఉదయం 10:50

నేను రాయను బుజ్జమ్మా. గోడ మీద మంగళవారం బీరకాయ అని ఉంటుంది, ఇంట్లో బీరకాయ ఉండదు, మళ్ళీ కర్రీ పాయింటే. వారానికి ఒకసారి కూరగాయలు తెచ్చుకుని, ఏది ముందు వాడిపోతుందో అది ముందు వండు. ఆకుకూరలు మొదటి రెండు రోజులు. తర్వాత బీరకాయ, బెండకాయ, టమాటా. క్యారెట్, దొండకాయ, దోసకాయ వారం చివర. ఆలు, ఉల్లి, గుడ్లు ఎప్పుడూ ఉంటాయి. ఏమీ లేని రోజు కిచిడి.

వేపుళ్ళ జోలికి ఇప్పుడే వెళ్ళకు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ మూతపెట్టి మగ్గించే కూరలు చూసుకో. నీళ్ళు వాటిలోనే ఉంటాయి, రెండు చెంచాల నూనెతో అయిపోతాయి. దించే ముందు వేయించిన పల్లీల పొడి ఒక గుప్పెడు చల్లితే తమ్ముడు కూడా అడగడు ఏం కూర అని.

సరూర్‌నగర్_పెద్దమ్మ | ఆదివారం, ఉదయం 11:20

గుంటూరాయన మొదటిసారి కారం లేకుంట మాట్లాడిండు.

బిడ్డా, మీ అమ్మకు వీలైన రోజు మా సరూర్‌నగర్ రైతుబజార్‌కు రాండ్రి. బోర్డు మీద రేట్లు రాసుంటయి, బేరం ఆడే పనిలేదు. పొద్దుగాల పోతే ఆకుకూర తాజాగ దొరుకుతది. గంగవాయిలి కూర కనవడితే ఇడవకు, సూపర్ మార్కెట్‌ల అది దొరకదు. పప్పుల ఏస్తే కొంచెం పుల్లపుల్లగ ఉంటది. పుల్లటిది గదా, పప్పు ఉడికినంకనే ఎయ్యాలె.

రూమ్_నంబర్_12 | ఆదివారం, మధ్యాహ్నం 12:05

మధ్యలో దూరుతున్నా పెద్దమ్మా. ఈ చర్చ చూసి నేను కూడా పప్పు మొదలుపెట్టా, కుదిరింది. ఇప్పుడు జొన్నరొట్టె మీద కన్ను పడింది. పిండి కలిపితే ముద్ద అవుతోంది గానీ తట్టేసరికి అంచులన్నీ పగిలిపోతున్నాయి. చపాతీ పిండిలాగే చల్లటి నీళ్ళతో కలిపాను.

సరూర్‌నగర్_పెద్దమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సల్లటి నీళ్ళు గోధుమకు నడుస్తయి, జొన్నకు నడవయి.

ప్రెజర్_కుక్కర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:52

గోధుమలో గ్లూటెన్ ఉంటుంది, అది సాగుతుంది. జొన్నలో లేదు. మరిగే నీళ్ళు పోస్తే జొన్నపిండిలోని గంజి సగం ఉడికి జిగురు వస్తుంది, అతికి పట్టుకునేది ఆ జిగురే.

బోడుప్పల్_బుజ్జి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

నాకూ చెప్పండి పెద్దమ్మా, నానమ్మ వచ్చేలోపు నేర్చుకుంటా.

సరూర్‌నగర్_పెద్దమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

అయితే ఇద్దరు ఇనుండ్రి. పిండి కొత్తగ పట్టించింది ఉండాలె, పాతదైతే ఏం చేసినా పగుల్తది. గ్లాసు పిండి గిన్నెల పోసి నడుమ గుంత చెయ్యి. మసిలే నీళ్ళు కొంచెం కొంచెం పోసి ముందు చెంచతోని కలుపు, చెయ్యి పెట్టకు కాల్తది. ఏడి పట్టేటట్టు అయినంక చేత్తోని పిసుకు, ఐదు నిమిషాలు ఆపకుండ. ఒక్కో రొట్టెకు ఎంత గావాల్నో అంతే ముద్ద తీసి మల్ల పిసికి తట్టు. మొదటిది మందంగ రానీ, సన్నగ తర్వాత అయితది. పెనం మీద ఏసినంక పైన తడిబట్టతోని నీళ్ళు అద్ది, అవి ఆరినంకనే తిప్పాలె. బుజ్జీ, నువ్వు మీ అమ్మ ఇంట్ల ఉన్న రోజు చెయ్యి, మసిలే నీళ్ళతోని పని.